తాయారక్క కొలతల పుస్తకం

ఇలా దగ్గరికి జరుగు ప్రణతీ. ఇంతవరకు ఎవరి ముందూ నోరు తెరిచి చెప్పని మాట ఒకటుంది. నేను దొంగనే. మా తాయారక్కకీ నాకూ మాటల్లేవని మీ అమ్మకి తెలుసు, ఎందుకో తెలీదు. దాచి దాచి అలిసిపోయా. కథలా చెప్తా, ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో, ఒక్క గదిలో రెండు కుట్టుమిషన్లు. ఒకటి తాయారక్కది, రెండోది నాది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, కుట్టు నేర్పిందీ అక్కే. అక్క దగ్గర ఒక కొలతల పుస్తకం ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళందరి జాకెట్ల కొలతలూ అందులోనే.

అప్పుడు నాకు సొంత కొట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం సంచిలో వేసుకున్నా. అక్క బయటికొచ్చాక గడప దాటుతూ "వెళ్ళొస్తా" అనలేదు, "పోతున్నా" అన్నా.

"అలా అనకూడదుగా అమ్మమ్మా!"

అనకూడదు. అన్నా.

ఆ తర్వాత అక్కే పై వీధిలో నా కొట్టుకి వచ్చింది. "పుస్తకం ఇచ్చెయ్యవే. కొలతల్లేక కుట్టిందల్లా విప్పి మళ్ళీ కుడుతున్నా," అంది. నేను మిషను ఆపలేదు.

"అది గివ్ బ్యాక్, అమ్మమ్మా! తీసుకున్నది తిరిగిచ్చెయ్యడం. ఇవాళ ఇంగ్లీషు టీచర్ చెప్పింది."

ఆఁ, అదే. నేను ఇవ్వలేదు.

ఆ తర్వాత నా దగ్గర జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినావిడతో అక్క కబురు పెట్టింది. "పుస్తకం దాన్నే ఉంచుకోమను. మనిషి తిరిగొస్తే చాలు. దాని మిషను మీద గుడ్డ కప్పి ఉంచా."

"అది కమ్ బ్యాక్!"

తెలుసులేవే. నీ పక్కన కూర్చుని నేనూ నేర్చుకుంటున్నాగా. వెళ్ళలేదు. సిగ్గు.

ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, ఊరు మారడం. నలభై ఏళ్ళు. ఇవాళ పొద్దున ఫోను మోగింది. అక్క పేరే, మీ అమ్మ ఎప్పుడో ఎక్కించిపెట్టిన నంబరు. చూస్తూ కూర్చున్నా. మోగి మోగి ఆగిపోయింది.

"మరి కాల్ బ్యాక్ చెయ్యలేదా? వాళ్ళు చేస్తే మనం తిరిగి చెయ్యాలి."

ఏ మొహం పెట్టుకుని చెయ్యనే?

"ఫోన్లో మొహం కనపడదుగా అమ్మమ్మా."

నీ నోరు పాడుగానూ, నవ్వించావు.

అక్కకి డెబ్బై రెండు. నాలుగోసారి కూడా తనే పిలుస్తుందని నమ్మకమేముంది? తిడితే తిట్టనీ, పడతా. దుప్పటి కప్పుకో. ఆ ఫోను ఇలా అందివ్వు.

కథేమో కంచికి,
కన్నేమో నిద్రకి,
ఫోనేమో అక్కకి.