ముడి విప్పిన పెంటలక్ష్మి వ్రత కథ

పూర్వము చంచలుడను ముని కూర్చున్నచోట కూర్చొనలేక, ఆశ్రమమంతయు తిరుగుచు, స్థిరుడను మునిని ఇట్లడిగెను. జనులు వ్రతములు చేయుచునే యున్నారు, ఊళ్లు చెడుచునే యున్నవి, ఇదేమి స్వామీ అనెను. సగము చేసి వదలుదురు గనుక అనుచు స్థిరుడు ఈ కథ చెప్పెను.

వాగుపాడను గ్రామమున గవరమ్మ యను స్త్రీ కలదు. మగడు లేడు. ఇంటికి ఆధారము చుక్కగేదె ఒక్కటే. ఆమె చెత్తనంతయు కాలువలో పోయుచుండగా ఈగలు ముసిరెను, గేదె చిక్కెను, పాలు తగ్గెను. అంతట పంచాయతీ చెత్తబండి తోయు దాలమ్మ ఆమెకు పెంటలక్ష్మి వ్రతము తెలిపెను. తడిది గోతికి, పొడిది బండికి వేయవలెను. గోతిలోనిది ఎరువై, ఎరువు గడ్డియై గేదెకు చేరును; బండిలోనిది కరిగి బిందెయై ఇంటికి మరలును అనెను. గవరమ్మ చేతికి తోరము కట్టుకొని అట్లే చేసెను. గడ్డి ఏపుగా పెరిగెను, పాలు రెండింతలాయెను.

ఐదవ శుక్రవారము వ్రతము ముగిసెను. చుట్టములు తిని పోయిరి. పులిహోర మిగిలెను. దేవి ప్రసాదమును పెంటగోతిలో వేయుటకు మనసొప్పక, గవరమ్మ దానిని కవరులో పోసి, విప్పిన తోరముతోనే ముడివేసి, ఎవరును తొక్కకుండ కాలువగట్టున పెట్టెను. దాలమ్మ చూచెను.

"ఏటే గవరా, పెంటకే కదే పూజ సేసినావు! దాని పెసాదం దానికెయ్యడానికి సిగ్గా?"

"ఎల్లెల్లు. సెత్తలెత్తుకునేదానివి, నాకు మడి సెప్తావేటి!"

మూడవనాడు గేదె నెమరు మానెను. పొట్ట ఉబ్బెను. గవరమ్మ నిలువలేక, కూర్చొనలేక, ఇంటింటికి తిరిగి, ఎవరి కవర్లు నా గేదెను చంపుచున్నవని తిట్టిపోసెను. ఊరివారు తలుపులు వేసికొనిరి. పశువుల డాక్టరు పొట్ట కోసి తట్టెడు కవర్లు తీసెను. కడపటిది ముడి వీడక యుండెను. ముడికి పసుపుదారము.

"ఎవులిదిది?" అని డాక్టరు అడిగెను.

గవరమ్మ తన ఒట్టి ముంజేతిని చూచుకొనెను. "నాదే బాబూ."

ఆమె ముడి విప్పెను. మెతుకులు గోతిలో పోసెను. కవరు కడిగి దాలమ్మ కిచ్చి, "రేపట్నుంచి నీ బండి నేను తోస్తానే దాలీ" అనెను.

"తోద్దువు గాని, ముందా సేతులు కడుక్కో."

తొమ్మిదవనాడు గేదె నెమరు వేసెను. అంతవరకు గవరమ్మ కూర్చొనలేదు.

ఈ వ్రతమును పాడి గలవారు, పొలము గలవారు, ఏమియు లేనివారు, ముఖ్యముగా మడి గలవారు చేయవలెను. పాడి నిలుచును, కాలువ పారును, ఊరు ఊరుగా నుండును. కథ విన్నవారు అక్షతలు వేసికొని ఇంటి వెనుకకు పోయి చూడవలెను. అక్కడ ముడివేసిన కవరున్నచో, అది విప్పిన పిమ్మటనే ప్రసాదము.