కుదరదని చెప్పే మాట

అనకాపల్లి అవతల ఒక కొండ మీద చిన్న బౌద్ధ విహారం ఉండేది. అక్కడి పెద్ద భిక్షువు జ్ఞానవంశ. డెబ్బై దాటినవాడు, తెలుగూ పాళీ తప్ప మరో భాష రానివాడు. ఆయన శిష్యుడు సుమనుడు భిక్షువు కాకముందు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. అందుకని విదేశాల నుంచి ఎవరొచ్చినా వాళ్లతో మాట్లాడే పని అతనిదే.

ఆ పనిలో అతనికి ఒక ఇబ్బంది వచ్చిపడింది. విహారంలో గదులు తక్కువ. అడిగినవాళ్లందరికీ చోటివ్వడం కుదరదు. ఆ సంగతి చెప్పాల్సింది అతనే. ఒకసారి ఒక ఆస్ట్రేలియా యువకుడితో, మీకు చోటివ్వడానికి రెఫ్యూజ్ చేస్తున్నాం అన్నాడు. ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. "నేనేం తప్పు చేశాను?" అని అడిగి, జవాబు వినకుండానే కొండ దిగిపోయాడు.

లోపం మాటలోనే ఉందనుకున్నాడు సుమనుడు. పాఠం చెప్పే రోజుల్లో లాగా కాదని చెప్పే ఇంగ్లీషు మాటలన్నీ మళ్లీ తిరగేశాడు. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకున్నాక మనసు తేలికపడింది.

ఆషాఢంలో హానా అనే ఆవిడ వచ్చింది. చెక్ దేశం మనిషి, అరవై పైబడ్డ వయసు. మోకాళ్లు పట్టేసి మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. ఈ వానాకాలమంతా ఇక్కడ మౌనంగా ఉండనిస్తారా అని అడిగింది.

సుమనుడు లోపలికి వెళ్లి చెప్పాడు. జ్ఞానవంశ కిటికీలోంచి ఆవిడ కూర్చున్న తీరు చూశాడు.

"వానలు ముదిరితే ఈ దారి జారుతుంది. కిందటేడు ఒకాయన కాలు విరిగితే దుప్పట్లో మోసుకుని దించాం. ఆ మోకాళ్లతో ఇప్పుడు కుదరదమ్మా అని చెప్పు."

సుమనుడు బయటికి వెళ్లాడు. అంతలోనే తిరిగొచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను, భంతే. ఈసారి చాలా మర్యాదైన మాట వాడాను. డిక్లైన్."

"అదేమిటి?"

అడిగినందుకు సుమనుడికి సంతోషమేసింది. "కాదనడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. రెఫ్యూజ్ అంటే ససేమిరా అనడం. రిజెక్ట్ అంటే చూసి, పనికిరాదని పక్కన పడెయ్యడం. డినై అంటే న్యాయంగా దక్కాల్సింది దక్కనివ్వకపోవడం. డిక్లైన్ అలాంటిది కాదు. చేతులు జోడించి వద్దనడం లాంటిది."

"మనకి వద్దు, కాదు, లేదు, కుదరదు ఉన్నట్టు."

"అవును, భంతే."

"బాగుంది," అన్నాడు జ్ఞానవంశ. నిజంగానే బాగుందన్నట్టు తలూపాడు. "ఆవిడేమంది?"

"ఏమీ అనలేదు."

"ఇప్పుడెక్కడుంది?"

సుమనుడికి తెలియదు.

జ్ఞానవంశ మూలనున్న గొడుగు తీసుకున్నాడు. చెంబుతో మంచినీళ్లు పట్టుకుని బయటికొచ్చాడు. హానా ఇంకా మెట్ల మీదే ఉంది. సన్నగా తుంపర పడుతోంది. సంచి ఒళ్లో పెట్టుకుని, దిగాల్సిన దారి కేసి చూస్తోంది.

ఆయన నీళ్లిచ్చాడు. ఆవిడ తాగేదాకా నిలబడ్డాడు. తర్వాత సంచి అందుకుని తన భుజానికి తగిలించుకున్నాడు.

"భంతే, నాకివ్వండి," అంటూ సుమనుడు పరిగెత్తుకొచ్చాడు.

జ్ఞానవంశ అరచెయ్యి అడ్డం పెట్టాడు. రెండో చేతిలోని గొడుగు అతనికందించి, ఆవిడకి పట్టమని సైగ చేశాడు.

ముగ్గురూ దిగడం మొదలుపెట్టారు. ఆవిడ ఆగిన చోటల్లా ఆయనా ఆగాడు. సగం దారిలో ఒక బండ మీద కూర్చున్నప్పుడు ఆవిడే నోరు విప్పింది. ఆ వసంతంలో భర్త పోయాడట. ఇంట్లో ఉంటే వచ్చినవాళ్లందరూ ఓదారుస్తున్నారు, ఆ ఓదార్పు వినలేక బయల్దేరానంది. ఇక్కడికి రాకముందు ఇంకో రెండు ఆశ్రమాల్లో అడిగిందట. వాళ్లూ ఇలాగే మర్యాదగా చెప్పారంది.

ఆ చివరి మాట తెలుగులో చెప్పేటప్పుడు సుమనుడి గొంతు తగ్గింది.

జ్ఞానవంశ అంతా విన్నాడు. ఓదార్పుగా ఏమీ అనలేదు. పైనుంచి కారుతున్న నీటిపాయను ఆవిడకి చూపించి, దారికి అడ్డంగా అది ఎంత వెడల్పవుతుందో చేతులు చాపి చూపించాడు. ఆవిడ తన మోకాళ్ల కేసి చూసుకుని, మొదటిసారి నవ్వింది.

"వానలు తగ్గాక రావచ్చా?" అని అడిగింది.

"రమ్మను. నేనుంటే నేనుంటాను. లేకపోతే నువ్వుంటావు."

సుమనుడు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు.

కింద రోడ్డు మీద షేర్ ఆటో చాలాసేపటికి గానీ రాలేదు. కిళ్లీకొట్టు చూరు కింద ముగ్గురూ నిలబడ్డారు. ఆటో వచ్చాక జ్ఞానవంశ డ్రైవరుతో, "బాబూ, ఈ అమ్మని స్టేషన్లో దించు. అక్కడ మెట్లెక్కేటప్పుడు కాస్త చూడు," అన్నాడు. సంచి ఆవిడ పక్కన సర్దిపెట్టాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది.

కొండెక్కుతూ సుమనుడు అడిగాడు.

"భంతే, మీకు ఇంగ్లీషు వచ్చి ఉంటే ఏ మాట వాడేవారు?"

జ్ఞానవంశ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"నువ్వు వాడిందే. అది మంచి మాటే, సుమనా. చెప్పి, నువ్వు లోపలికొచ్చేశావు."