నక్క బావ ఇంట్లో విడిది

తొలకరికే కొండవాగు పొంగి దిగువ గట్టంతా కోసుకుపోయింది. బొరియల్లో కాపురమున్న జీవాలన్నీ ఒక్కసారిగా వీధిన పడ్డాయి. ఎగువన మెరకదిబ్బ ఖాళీగానే ఉంది. కానీ అక్కడ గోరు పెట్టాలన్నా తాబేలు తాత అనుమతి కావాలి. ఏనుగు దొర ఆయనకి ఇచ్చిన కొలువది. పాపం, తాత చెడ్డవాడు కాదు. ఇల్లు వీపున పెట్టుకుని పుట్టినవాడికి ఇల్లు లేని బాధ ఎలా తెలుస్తుంది చెప్పండి? ఎవరెళ్ళినా కంగారేముందీ, చూద్దామంటూ తల లోపలికి లాక్కునేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

అందరిలోకీ కుందేలమ్మ అవస్థ చెప్పనలవి కాదు. నిండు చూలాలు. నీడ లేకుండా ఈనితే పిల్లలు గద్దల పాలే. నేలమీద పడుకున్నా ఒక చెవి నిలబెట్టుకునే ఉండేది.

తాత పొరపాటున తల బయటపెట్టినా, నక్క బావ అభ్యంతరంతో సిద్ధంగా ఉండేవాడు. ఏదుపంది సూరమ్మ చోటడిగితే, దాని తవ్వుడికి దిబ్బ కూలుతుందన్నాడు. కుందేలమ్మ అడిగితే, అది తన తాతముత్తాతలు ఊళలేసిన పవిత్రస్థలమన్నాడు. అభ్యంతరమంటే విచారణ, విచారణంటే వాయిదా. వాడికి దిబ్బ మీద ప్రేమేం లేదు. బొరియలేని కుందేలు నోటికందే కుందేలు, అంతే. మొన్నటిదాకా తనతో మేసిన చెల్లెలు ఇప్పుడెందుకు కనబడదో కుందేలమ్మకి బాగా తెలుసు. ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు, ఆలోచించింది.

జీవాల గోడు విని ఏనుగు దొర పంచాయితీ పెట్టాడు. ఇకమీదట ఎవరూ అడ్డు చెప్పకపోతే పొద్దు వాలేలోగా అనుమతి ఇచ్చి తీరాలని తాతకి గట్టిగా చెప్పాడు. మరి అడ్డు చెబితేనో అని నక్క మీసం తిప్పాడు. అప్పుడు కుందేలమ్మ బరువుగా లేచి ముందుకొచ్చింది.

"దొరా, అడ్డు చెప్పే హక్కు బావగారికి ఉండనివ్వండి. కానీ ఆ తగువు తేలేదాకా, అడ్డు చెప్పినవాళ్ళే మాకు తమ ఇంట్లో చోటివ్వాలి."

సభలో అందరూ చూలాలికి మతిపోయిందనుకున్నారు. దొర కూడా, నక్క గుహలో ఉండగలవా తల్లీ అని జాలిగా అడిగాడు. ఆవిడ జవాబు చెప్పేలోపే నక్క బావ నోరూరిపోయి, న్యాయమైన మాట, నాకు సమ్మతమే, ఇంటికొచ్చిన చుట్టాన్ని కళ్ళలో పెట్టుకుంటానని అందరి ముందూ మాటిచ్చేశాడు. దొర తొండమెత్తి అదే చట్టమన్నాడు.

"అయితే వరస తప్పకూడదు దొరా," అంది కుందేలమ్మ నెమ్మదిగా. "నాకంటే ముందు అర్జీ పెట్టుకున్నది సూరమ్మొదిన. ముందు ఆవిడే వెళ్ళాలి."

సూరమ్మ ముళ్ళు గలగలలాడించుకుంటూ, మొగుణ్ణీ పిల్లల్నీ వెంటేసుకుని ఆ సాయంత్రమే గుహలో దిగింది. మంచి మనిషే, ఎవరికీ హాని తలపెట్టదు. కాకపోతే నిద్రలో దొర్లుతుంది. నక్క మూలకి జరిగితే అక్కడ మొగుడు, గడప దగ్గరికొస్తే అక్కడ పిల్లలు. పైగా ఇరుగ్గా ఉంది, కాస్త సర్దుకో తమ్ముడూ అని సూరమ్మ ఆప్యాయంగా దగ్గరికి జరిగేది.

తెల్లారేసరికి నక్క బావ ముక్కుకీ కాళ్ళకీ దిగిన ముళ్ళతో కుంటుకుంటూ తాత ముందు నిలబడ్డాడు. ఇంకే చుట్టమూ వద్దు బాబోయ్ అంటూ, ఏ ఒక్క అర్జీకీ తన అభ్యంతరం లేదన్నాడు. తాత అలవాటు కొద్దీ, కంగారేముందీ అనబోయాడు.

"ఉంది తాతా, చాలా ఉంది," అన్నాడు నక్క, ఏడుపు గొంతుతో.

ఆ పొద్దు వాలేలోగా దిబ్బంతా ఎర్రమట్టి కుప్పలే. అసలు వాన మొదలైన రోజున కుందేలమ్మ కొత్త బొరియలో ఈనింది. తాబేలు తాత తడుస్తూ వచ్చి, గుమ్మంలోంచి ఆ కళ్ళు తెరవని పిల్లల్ని చాలాసేపు చూశాడు. నా వీపు మీదున్నదేమిటో ఇన్నాళ్ళకి తెలిసిందమ్మా అని, మెల్లిగా వెనుదిరిగాడు.

ఎదుటివాడి గూటికి అడ్డుపడేవాడు ముందు తన గూట్లో చోటు చూపించాలి.