దొరగారి టోపీ అంచు

“ఆవిరమ్మా ఆవిరీ, అంచు లేపవే...” తరవాతి ముక్క మరిచిపోయాను. మా ఊళ్ళో బట్టలుతికే నూకమ్మత్త పాడేది.

దొరగారికి తాతలనాటి ఫెల్టు టోపీ ఉండేది. దాని అంచు మెత్తబడి కళ్ళమీదికి వాలిపోయింది. ఎదురొచ్చి దణ్ణం పెట్టినా ఆయనకు కనపడేది కాదు. ఒకనాడు నూకమ్మత్త మీద కోపమొచ్చింది.

“దణ్ణం పెట్టవా? ఊరొదిలిపో.”

“పోతాను బాబూ. పోయేముందు ఆ టోపీ బాగుచేసిస్తాను.”

గంజికుండ ఆవిరి పట్టి, ముందు అంచు పైకి వంచి ఇచ్చింది. దొరగారు పెట్టుకుని చూస్తే వీధంతా చేతులు జోడించి నిలబడింది.

“వీళ్ళకి దణ్ణం ఎప్పుడొచ్చిందే?”

“వాళ్ళకెప్పుడూ వచ్చు బాబూ. చూడ్డమే మీ టోపీకి రాదు. ఇవాళ నేర్పాను.”

దొరగారు నవ్వేసి, ఊళ్ళోనే ఉండమన్నారు.

నేను అత్తారింటికి వెళ్ళేనాడు అడిగాను, “వానలకి ఆ అంచు మళ్ళీ వాలిపోదా అత్తా?”

“వాలకపోతే నన్నెందుకు ఉండనిస్తారే, పిచ్చిదానా?”