అలసంద తీగ పిలుపు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా పిల్లలూ! అప్పుడెప్పుడో కుంతలవరం అనే రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ రాచకన్యల్ని చేసుకున్నారు. మూడోవాడు మాధవసేనుడు మాత్రం పుల్లమ్మ అనే రైతమ్మ కూతురు చెంగల్వను మనసులో పెట్టుకున్నాడు. రాజూ కాదనలేదు, పుల్లమ్మా కాదనలేదు. ముహూర్తం పెట్టుకున్నారు.

పెళ్ళి దగ్గరపడుతుండగా భస్మదంతుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి చెంగల్వను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల బూడిదదీవి వాడిది. "నన్ను పెళ్ళాడు," అన్నాడు. "చస్తే పెళ్ళాడను," అంది చెంగల్వ. వాడికి ఒళ్ళు మండి, ఆమెను అలసంద తీగగా మార్చేశాడు.

మాధవసేనుడికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. "ఇంకో పిల్లను చూస్తాంలేరా తమ్ముడూ," అన్నారు అన్నలు. "నాకు ఇంకో పిల్ల లేదన్నా," అని బయల్దేరాడు. ఒకప్పుడు అతను వలలోంచి విడిపించిన సముద్రపు తాబేలు, "నా వీపెక్కు బాబూ," అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. అలా ఏడూ దాటారు.

బూడిదదీవిలో గడ్డిపరక కూడా లేదు. మధ్యలో పాలిపోయిన అలసంద తీగ ఒక్కటే ఉంది. దాని పక్కనే పంజరంలో ఒక చిలుక. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉందని లోకమంతా చెప్పుకునేది. మాధవసేనుడు పంజరం తెరిచి చిలుక మెడ పట్టుకున్నాడు.

"ఆగు నాయనా! నాలో నా ప్రాణమే తప్ప వాడిది లేదు," అంది చిలుక. "నన్ను చూపించి అందర్నీ మోసం చేస్తాడు. వాడి ప్రాణం ఈ మట్టి మూగతనంలో ఉంది. ఆ తీగే నీ చెంగల్వ. మట్టిలోకి పిలుస్తూనే ఉంది. ఈ దీవి మట్టిలో బదులు పలికేవాళ్ళు లేరు. బదులొచ్చిన రోజున ఆమె మనిషవుతుంది, వాడు బూడిదవుతాడు."

మాధవసేనుడు చిలుకను వదిలేశాడు. తీగ పక్కన కూర్చుని, "చెంగల్వా, నేనొచ్చాను," అన్నాడు. ఆకు కూడా కదల్లేదు. అప్పుడే మాంత్రికుడు వచ్చాడు. రాకుమారుడు తెలివిగా కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "ఎలాగూ పోయేదే కదా! ఈ తీగ మొదలు దగ్గర మా దేశం మట్టి కాస్త వేసుకోనీ," అని బతిమాలాడు.

"మోసుకో, మోసుకో! నీ ఏడుపు నాకు వేడుక," అని నవ్వాడు వాడు.

మాధవసేనుడు ఏడు సముద్రాలు వెనక్కి దాటి రాజుగారి పూలతోట మట్టి తెచ్చి పోశాడు. ఆకులు ఇంకా పసుపెక్కాయి. మళ్ళీ ఏడు సముద్రాలు దాటి ఏటి ఒండ్రు తెచ్చి పోశాడు. ఆకులు రాలడం మొదలుపెట్టాయి. వచ్చిన ప్రతిసారీ ఆమెను వదిలి వెళ్ళాలి. తాబేలు వీపు మీద వెనక్కి తిరిగి, దీవి కనుమరుగయ్యేదాకా చూసేవాడు.

మూడోసారి తన దేశం ఒడ్డు చేరి నేలమీద కూలబడి, "ఏమని పిలుస్తున్నావే, నాకు తెలీడం లేదే!" అని భోరుమన్నాడు. ఆ మాటకు మట్టిలోంచి ఒక వానపాము తల ఎత్తింది.

"వేరు పిలుపు చెవికి వినపడదయ్యా. అది ఒక వాసన, ఒక రుచి. వేరు దాన్ని మట్టిలోకి వదులుతుంది. కంటికి ఆనని మట్టిజీవులు దాన్ని పసిగట్టి, తమ రుచి ఒకటి బదులు పంపుతాయి. అప్పుడు వేరుమీది నూగు వేలు వంచినట్టు వంగి వాటిని లోపలికి తీసుకుంటుంది. వేరుకి పూసల్లాంటి బుడిపెలు కట్టి కాపురం పెట్టిస్తుంది. అవి గాలిలోంచి సత్తువ తీసి ఇస్తాయి, తీగ వాటికి తీపి పెడుతుంది."

"రెండుసార్లు మట్టి తెచ్చానే! మరి బదులు రాలేదేం?"

"ఎవరి పిలుపు వాళ్ళవాళ్ళకే తెలుస్తుంది. అలసంద పండిన చోట తవ్వు."

మాధవసేనుడు పుల్లమ్మ ఇంటికి పరుగెత్తాడు. "అత్తా, అలసందలు ఎక్కడ నాటావు?" పుల్లమ్మ పార అందుకుంది. పెరట్లోకి తీసుకెళ్ళి తనే పాదు తవ్వింది. మట్టి తడిగుడ్డలో మూటకట్టి, "దీనికి ఎండ తగలనీకు నాయనా. నా బిడ్డ దగ్గరికి చేర్చు," అంది.

మూట గుండెకు హత్తుకుని ఏడు సముద్రాలూ దాటాడు. తీగకు ఒక్క ఆకే మిగిలి ఉంది. మాంత్రికుడు నవ్వుతూ చూస్తున్నాడు. మాధవసేనుడు తీగ మొదలు దగ్గర మట్టి పోసి, నీళ్ళు చల్లి, నేలకు చెవి ఆనించి పడుకున్నాడు. ఏమీ వినపడలేదు. ఎంతసేపైనా వినపడలేదు. ఐనా లేవలేదు.

ఇంతలో చిలుక, "పచ్చన! పచ్చన!" అని అరిచింది. ఆ ఒక్క ఆకూ పచ్చబడుతోంది! తీగ చిగురు వేసింది. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "ఈ మట్టిలో పలికిందెవరు?" అని కాలితో తీగను తన్నబోయాడు. కాలు బూడిదైంది. నడుము బూడిదైంది. మనిషంతా బూడిదై గాలికి కొట్టుకుపోయాడు.

తీగ ఉన్నచోట చెంగల్వ నిలబడి ఉంది.

"నేనిక్కడే ఉన్నాను, నువ్వు నన్ను పిలుస్తూనే ఉన్నావు. నేనే వినలేకపోయాను," అన్నాడు మాధవసేనుడు.

"నువ్వొచ్చావని నాకూ తెలీదు," అంది చెంగల్వ. "చివరికి ఎవరో చిన్నగా పలికారు. మా అమ్మ పెరటి వాసనొచ్చింది. ఇంటికి తీసుకుపో."

ఆ నెలలోనే పెళ్ళైంది. పుల్లమ్మ కళ్ళు తుడుచుకుంటూనే అక్షింతలు వేసింది. వాళ్ళిద్దరూ బూడిదదీవికి కొత్త పేరు పెట్టి, అక్కడే రాజూ రాణీ అయ్యి చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. ఇప్పటికీ ఆ దీవిలో పెళ్ళాడినవాళ్ళు ముందు ఒక పాదు తవ్వి, అలసంద గింజ పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో కుడికాలు పెడతారట!