పొట్టి తీగ

భ్రమరాంబగారి తాతగారు దువ్వూరి సూర్యప్రకాశంగారు గోదావరి కాలువ మీద లాకు సూపరింటెండెంటుగా పనిచేసినారు. వేసవిలో నీరు తగ్గి తూములు దించవలసి వచ్చినప్పుడు, మొదట తన సొంత చేనికి పారే తూమును దించి, గట్టు మీద నిలిచి చూచి, ఆ తరువాతనే తక్కిన రైతుల తూముల మీద చేయి వేసేవారు. ఆమె పెదతల్లి సుందరమ్మగారు ఊరిలోని పసిపిల్లలకు నీళ్లు పోసేవారు. వేడినీటిలో తన మోచేయి ముంచి చూడనిదే ఏ బిడ్డనూ కాళ్ల మీద పడుకోబెట్టుకొని ఎరుగరు. అట్టివారి ఇంట పుట్టిన భ్రమరాంబగారు, మనుమలను ఎత్తుకొన్న వయస్సులోను, కాకినాడలోని ఒక కంటి ఆసుపత్రి సంస్థకు కంప్యూటర్ల కాపలా చూచేవారు.

ఆ సంస్థకు కోనసీమ మొదలుకొని మన్యం కొండల వరకు శాఖలు ఉన్నవి. ప్రతి శాఖ గుమ్మంలోను ఒక ఫైర్‌వాల్ ఉన్నది. ఏ సమాచారము లోపలికి రావచ్చునో, ఏది బయటికి పోవచ్చునో నిర్ణయించే ద్వారపాలకుడు అది. ఆ ద్వారపాలకులందరికీ ఆజ్ఞలు కాకినాడ కార్యాలయంలోని ఒకే ఒక తెర నుండి పోతాయి. అయితే భ్రమరాంబగారి గదిలో ఒక కట్టడి ఉన్నది: కొత్త నియమము ఎవరు వ్రాసినా, దానిని మొదట తమ గది ఫైర్‌వాల్‌కే పంపుకొని, దాని వెనుక ఒక పూట కూర్చొని పనిచేసుకొని, అప్పుడే ఊళ్లకు పంపవలెను.

శిష్యుడు కౌశిక్‌కు ఈ కట్టడి మింగుడు పడలేదు. అతడు చురుకైనవాడు, శుభ్రమంటే ప్రాణము. ఊరికొక తీరుగా చిందరవందరగా పడివున్న నియమాలను చూడలేక, వాటన్నిటికీ బదులుగా ఒకే చక్కని నియమము సిద్ధం చేసినాడు. పేరు చెప్పిన దారులు తప్ప తక్కినవన్నీ మూసివేయవలెనని దాని సారాంశము.

ఆ ఉదయమే కొండ మీది శాఖ నుండి నర్సు రత్నకుమారి ఫోను చేసింది. సన్యాసమ్మ అనే ముసలమ్మ కంటి చిత్రమును కాకినాడ డాక్టరుగారికి పంపబోతున్నామని, ఆయన చూచి సరేనంటే ఆ పూటే ఆపరేషను జరుగునని, చిత్రము చేరకపోతే ఆమె మధ్యాహ్నం బస్సుకు గూడేనికి వెళ్లిపోవునని, ఆమెను గూడెం నుండి మరల తీసుకొని రావడం ఎవరి తరమూ కాదు గనుక తమ లైను జోలికి రావద్దని వేడుకొన్నది. తన నియమము వలన ఎవరికీ వెంట్రుకవాసి తేడా రాదని కౌశిక్ అభయమిచ్చి, ఫోను పెట్టేసి, గురువుగారి వైపు తిరిగినాడు.

“మేడమ్, ఒక్క నొక్కుకు అన్ని ఊళ్లకూ చేరే ఆజ్ఞను ముందు మన గదికే పంపి పూటంతా కాచుకోవడం ఎందుకండీ? అలాగైతే ఇంత పెద్ద తెర దేనికి?”

ఆమె వాదించలేదు. కళ్లజోడు సవరించుకొని అతని నియమమును మొదటి నుండి చివరి వరకు చదివినారు. పెదవి చివర ఏదో మెదిలింది.

“అందంగా వ్రాశావు, నాయనా. మన గదికి పంపు. ఈలోగా నేను కాఫీ కలుపుకొని వస్తాను.”

పెద్దవారి ముచ్చట తీరుస్తున్నట్లు కౌశిక్ మీట నొక్కినాడు. తెర మీద పచ్చగా వెలుగుతున్న ఊళ్ల గుర్తులన్నీ ఒక్కసారిగా బూడిదరంగుకు తిరిగినవి.  అతడు ఆజ్ఞను వెనుకకు తీసుకోబోయినాడు. అది గది ఫైర్‌వాల్‌కే చేరలేదు. మరల నొక్కినాడు, ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు తెలిసింది. రోగుల వివరాలు పోయే దారి, మందుల లెక్కలు పోయే దారి, డాక్టర్ల ఉత్తరాలు పోయే దారి, అన్నిటి పేర్లూ శ్రద్ధగా వ్రాసినాడు గాని, తన ఆజ్ఞలు నడచే దారి పేరు వ్రాయడం మరచినాడు.

భ్రమరాంబగారు రెండు గ్లాసులతో వచ్చి, తెర వంక చూచి, ఊళ్లన్నీ ఏమైనవని అమాయకంగా అడిగినారు.

“ఊళ్లు ఉన్నాయండీ. మనమే లేము.”

ఆమె నవ్వి, గోడ మేకుకు వ్రేలాడుతున్న పొట్టి తీగను తీసి అతని చేతికిచ్చినారు. ఫైర్‌వాల్ ప్రక్క అలమరలోనే ఉన్నది. కౌశిక్ మోకాళ్ల మీద కూర్చొని, తన ల్యాప్‌టాప్‌ను ఆ తీగతో నేరుగా దానికి కలిపి, తన చక్కని నియమమును తన చేతులతోనే తీసివేసినాడు. ఊళ్లు ఒకటొకటిగా పచ్చబడినవి.

కాఫీ చల్లారకముందే అతడు ఆ నియమమును మరల చదువనారంభించినాడు. ఈసారి అక్షరమక్షరం చదివినాడు. కొండ మీది శాఖలో కంటి చిత్రాలు తీసే, మరెక్కడా లేని పాత కెమెరా ఒకటి ఉన్నది. దాని చిత్రాలు పోవడానికి ప్రత్యేకముగా ఒక దారి ఉన్నది. ఆ దారిని అతడు చెత్త అనుకొని ఊడ్చివేసినాడు. గ్లాసు ప్రక్కకు నెట్టి, ఆ దారి పేరును నియమములో చేర్చినాడు.

అంతలో ఫోను మ్రోగింది. రత్నకుమారి.

“బొమ్మ చేరింది బాబూ. డాక్టరుగారు సరేనన్నారు, లోపలికి తీసుకెళ్తున్నాం. మా లైను ముట్టుకోనందుకు ముసలమ్మ మీకు దండం చెప్పమంది. ఆ బాబుకి పెళ్లయిందా అని కూడా అడుగుతోంది.”

కౌశిక్ ఫోనును గురువుగారి వైపు చాచినాడు. భ్రమరాంబగారు ఫోను అందుకొని, ఆ బాబు ప్రస్తుతము తన తలుపు తానే మూసుకొని, తానే తెరచుకొని అలసి ఉన్నాడని, పెళ్లి మాట తరువాత చూడవచ్చునని చెప్పినారు. కొండ మీద నలుగురు నవ్విన చప్పుడు కాకినాడ గదిలో వినిపించింది.

ఆ ఏడు భ్రమరాంబగారు ఉద్యోగము విడిచినప్పుడు కౌశిక్‌కు అప్పగించినవి ఇవే: ఆ తెర, దాని రహస్యపదము, సరిదిద్దిన నియమము, గోడ మేకుకున్న తీగ. అతడు తీగను చేతిలోకి తీసుకొని, ఇది మరీ పొట్టిగా ఉన్నదని, కాస్త పొడవైనది కొనమంటారా అని అడిగినాడు.

“వద్దు, నాయనా. అది ఈ గది దాటదు. ఊళ్లకు మీట నొక్కేముందు ఆ మాట గుర్తు రావాలనే అక్కడ తగిలించాను.”