కోర్సో వదులుకున్నది

ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పడం ఉబాల్దో గురువుకు అలవాటు లేదు. ఎక్కడో ఎవరికో ఏదో జరిగిందని మొదలుపెడతాడు. టస్కనీ కొండల్లోని ఆయన మఠంలో శిష్యులంతా దీనికి అలవాటుపడిపోయారు. ఒకనాడు భోజనాలయ్యాక లాపో అనే శిష్యుడు ఆయన పక్కన చేరి, "గురువుగారూ, మన వంక కన్నెత్తి చూడని మనిషి కోసం చేయగలిగిన అతిపెద్ద త్యాగం ఏది?" అని అడిగాడు. గురువు అతన్ని ఎగాదిగా చూసి ఈ సంగతి చెప్పాడు.

సియెనా నగరానికి దగ్గర్లో ఒక చిన్న పట్నంలో కోర్సో అని గుర్రపు జీనులు కుట్టే అతనుండేవాడు. అతను జెమ్మా అనే వితంతువును ప్రేమించాడు. ఉన్నిబట్టలకు రంగులు వేసి బతికే జెమ్మా ఎవరి జోలికీ పోయేది కాదు. కోర్సో మనసు విప్పిన రోజే, "నాకు నీ మీద అలాంటి ఉద్దేశం లేదు, ఇకముందు కలగదు కూడా" అని మర్యాదగా చెప్పేసింది.

కోర్సో ఊరుకోలేదు. ముందు ద్రాక్షసారా మానేశాడు. తర్వాత మాంసం, ఆ తర్వాత క్షౌరం, చివరికి పరుపు కూడా. మంచి వేసవిలో ఆమె గుమ్మం ముందు బండల మీద మకాం పెట్టాడు. నీళ్లకు వెళ్లాలంటే జెమ్మా అతన్ని దాటుకునే వెళ్లాలి. ఆమె దాటినప్పుడల్లా అతను విడిచే నిట్టూర్పు అంగడివీధి చివరిదాకా వినబడేది.

ఊరు ఊరంతా కరిగిపోయింది. ముసలమ్మలు దుప్పట్లు కప్పారు, గిన్నెలతో చారు తెచ్చి తాగించారు. కుర్రకారు అతని ప్రేమ మీద పాట కట్టారు. "నీది గుండేనా, బండరాయా?" అని రొట్టెలు కాల్చేవాడు జెమ్మాను నడివీధిలో నిలదీశాడు. ఆడవాళ్లు ఆమె దగ్గర బట్టలకు రంగు వేయించుకోవడం మానేశారు. చలికాలం వచ్చేసరికి కోర్సో పేరు పక్క ఊళ్లకు పాకింది. జెమ్మా ఇంట్లో పొయ్యి మాత్రం రోజుకోసారి కూడా వెలగడం లేదు.

ఒకరోజు జెమ్మా అతన్ని దాటకుండా ఆగి, గడప మీద కూర్చుంది. కోర్సో దుప్పట్లు తోసేసి లేచి కూర్చున్నాడు.

"కోర్సో, నాకోసం ఒకటి వదులుకుంటావా?"

"ప్రాణం వదిలేస్తాను! ఇప్పుడే, ఇక్కడే!" అంటూ చొక్కా చించుకోబోయాడు.

"నీ ప్రాణం నేనేం చేసుకోను? నాకోసం చిక్కి శల్యమైపోతున్నావని ఊరంతా చెప్పుకుంటోంది చూడు, ఆ పేరు వదులుకో."

కోర్సో చొక్కా వదిలేశాడు. "ఇంకేదైనా అడుగు జెమ్మా. పోనీ, ఒక చెయ్యి తీసుకో."

"నాకు రెండున్నాయి," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కోర్సో ఆ దుప్పట్ల కిందే పడుకుని చాలాసేపు ఆలోచించాడు. పాటలో తన పేరు ఎన్నిసార్లు వస్తుందో అతనికి తెలుసు. ఆమె పేరు అసలు వస్తుందా? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అప్పుడు మొదటిసారి నిజంగా సిగ్గుపడ్డాడు.

సంతనాడు నున్నగా గడ్డం గీయించుకుని పూటకూళ్ల ఇంటికి వెళ్లి, కాల్చిన బాతు తెప్పించుకున్నాడు. జనం మూగి, "జెమ్మా ఒప్పుకుందా?" అని ఆత్రంగా అడిగారు. "ఏ జెమ్మా? ఆ రంగులమ్మా? ఎండాకాలం ఆ బండలు చల్లగా ఉంటాయని పడుకున్నాను. మీరే చారు పోసి అలవాటు చేశారు" అన్నాడు. తింటుంటే కళ్లవెంట నీళ్లు కారాయి. ఆవాల ముద్ద ఘాటని చెప్పాడు.

ముసలమ్మలు తిట్టుకుంటూ వచ్చి ఎవరి దుప్పటి వాళ్లు పట్టుకుపోయారు. పాటలో ప్రేమికుడి చోట తిండిపోతు వచ్చి చేరాడు. "ఆ దగాకోరు వల్ల ఎంత నలిగిపోయావమ్మా!" అంటూ ఆడవాళ్లు బట్టల మూటలతో జెమ్మా ఇంటికి బారులు తీరారు. కోర్సోను చూసి జాలిపడేవాడు ఆ పట్నంలో ఒక్కడు కూడా మిగల్లేదు.

గురువు ఆగాడు. లాపో ఉండబట్టలేక, "అసలు సంగతి జెమ్మాకు తెలుసు కదా? చివరికైనా అతన్ని ప్రేమించిందా?" అని అడిగాడు.

"లేదు నాయనా," అన్నాడు గురువు. "హాయిగా నిద్రపోయింది."